జూలియా మార్గరెట్ కామెరాన్: ఛాయాచిత్ర కళాజీవితము

కలకత్తాలో పుట్టి సింహళద్వీపమున కన్నుమూసిన జూలియా మార్గరెట్ కామెరాన్, ఛాయాచిత్రకళ తొలినాళ్లలో మానవముఖ చిత్రణకు కొత్త మార్గము చూపిన స్త్రీ. ఆమె ఈ విద్యను చేపట్టునప్పటికి వయస్సు 48 సంవత్సరములు. ఆమె కృషి సాగినది పదునైదేండ్లు మాత్రమే.

ఆమె 1815 జూన్ 11వ తేదీన జన్మించెను. తండ్రి జేమ్స్ పాటిల్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1836 ప్రాంతమున దక్షిణాఫ్రికాలోని గుడ్‌హోప్ అగ్రమున ఖగోళ శాస్త్రజ్ఞుడు సర్ జాన్ హెర్షెల్‌తోను, న్యాయవేత్త చార్లెస్ హే కామెరాన్‌తోను ఆమెకు పరిచయము కలిగెను. 1838లో కామెరాన్‌ను వివాహమాడెను. ఆయన మెకాలేతోపాటు భారత న్యాయసంఘమున సభ్యుడు. 1842లో హెర్షెల్ ఇంగ్లండునుండి కలకత్తాకు కొన్ని ఛాయాచిత్రములను నమూనాలుగా పంపెను. ఈ విద్యతో ఆమెకు పరిచయము అట్లు కలిగెను. 1848లో ఆ కుటుంబము ఇంగ్లండునకు తరలి, 1860లో వైట్ ద్వీపమందలి ఫ్రెష్‌వాటర్ గ్రామమున స్థిరపడెను. మహాకవి టెన్నిసన్ వారి పొరుగువాడు.

1863 డిసెంబరులో కుమార్తెయు అల్లుడును ఆమెకొక కెమేరాను కానుకగా ఇచ్చిరి. బొగ్గులకొట్టు చీకటిగది అయ్యెను; కోళ్లకొట్టము గాజుమందిరముగా మారెను. ఆ కాలపు పద్ధతి మిక్కిలి శ్రమతో కూడినది. గాజుపలకపై కొలోడియన్ పూసి, వెండిలవణపు ద్రావణమున ముంచి, తడి ఆరకమునుపే చిత్రము తీసి, వెంటనే రసాయనములతో కడుగవలెను. కూర్చున్నవారు కొన్ని నిమిషములు కదలక మెదలక ఉండవలెను. 1864 జనవరిలో ఆనీ అను బాలిక చిత్రమును తీసి, దానినే తన తొలివిజయముగా ఆమె ఎంచుకొనెను.

ఆమె చిత్రములు స్ఫుటముగా లేవనియు, పలకలపై మరకలున్నవనియు నాటి విమర్శకులు ఆక్షేపించిరి. అయినను ఆమె తన పద్ధతిని విడువలేదు. రూపము కంటికి సుందరముగా తోచినచోటనే కటకమును నిలుపుచుంటినని 1874లో వ్రాసిన అసంపూర్ణ స్మృతులలో ఆమె తెలిపెను. 1865లో లండనునందలి సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియము ఆమె చిత్రములను కొనెను. 1868లో చిత్రములు తీయుటకు రెండు గదులను కూడ ఇచ్చెను. 1867లో హెర్షెల్ తెల్లని జుట్టు తలచుట్టు వెలుగువలె ప్రకాశించుచుండగా తీసిన చిత్రము నేటికిని ప్రసిద్ధము. 1868లో డార్విన్ ఆమె కెమేరా యెదుట కూర్చుండెను. ఇంటి పరిచారిక మేరీ హిల్లియర్ అనేక చిత్రములలో మేరీమాతగా కనిపించును.

కామెరాన్ కుటుంబమునకు సింహళమున కాఫీతోటలు కలవు. 1869నుండి అచట వ్యాపించిన ఆకుతెగులు కాఫీపంటను నాశనము చేసెను. 1875లో దంపతులు ఆ ద్వీపమునకు తరలిపోయిరి. కళుతర వద్ద ఆమె తీసిన చిత్రములలో నేడు నిలిచియున్నవి ముప్పదికి లోపే. 1877లో చిత్రకారిణి మేరియన్ నార్త్ వారింట అతిథిగా ఉండగా ఆమె చిత్రమును తీసెను. సింహళపు చెట్టుచేమలు, తోటలు ఈ చిత్రములలో మనుష్యుల వెనుక నిలిచినవి.

తోటపనులకై ఆ ద్వీపమునకు వలసపోయినవారిలో ప్రధానులు తమిళ శ్రామికులు. కళుతర చిత్రములలో రైతులును శ్రామికులును కలరు. వారి చూపులలోని గాంభీర్యము ఇంగ్లండు మహాపురుషుల చిత్రములకు ఏమాత్రము తీసిపోదు. కాని హెర్షెల్ పేరు, డార్విన్ పేరు, పరిచారిక మేరీ పేరు సైతము మనకు తెలియును. కళుతర రైతులు మాత్రము 'రైతుల సమూహము'గానే మిగిలిరి.

1879 జనవరి 26వ తేదీన ఆమె సింహళముననే మరణించెను. ఆమె మేనకోడలి కుమార్తెయగు రచయిత్రి వర్జీనియా ఉల్ఫ్, రోజర్ ఫ్రైతో కలిసి 1926లో ఆ చిత్రములను గ్రంథరూపమున ప్రకటించి వాటికి మరల ప్రచారము కల్పించెను. జూలియా కామెరాన్ కళ ముఖములను కాలగర్భమునుండి కాపాడినది. పేర్లను కాపాడుటకు కటకము చాలదు. పటము వెనుక ఎవరో ఒకరు వ్రాసి యుంచవలెను. స్వస్థలము విడిచి దూరదేశములందు స్థిరపడిన కుటుంబముల పాతపటములకును ఈ మాట వర్తించును.