అడ్డపొగ, కాంతి చికిత్స: శ్రీకాకుళం తీరంలో నోటి క్యాన్సర్ - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

టెక్కలి, పలాస, ఉద్దానం తీరగ్రామాలు గల శ్రీకాకుళం జిల్లాకు నోటి క్యాన్సర్ పరిశోధన చరిత్రలో ప్రత్యేకస్థానం ఉంది. చుట్ట నిప్పును నోటి లోపల ఉంచుకొని పొగ తాగే ‘అడ్డపొగ’ అలవాటు, దానివల్ల అంగిలికి సోకే క్యాన్సర్ ఇందుకు కారణాలు. మందును కాంతితో చైతన్యపరచి క్యాన్సర్ కణాలను నశింపజేసే ఫోటోడైనమిక్ థెరపీ ఈ తీరానికి ఏ మేరకు ఉపకరిస్తుందో చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1. అడ్డపొగ - పరిశోధనలు

ఈ అలవాటు స్త్రీలలో ఎక్కువ. గాలికి, తడికి నిప్పు ఆరిపోకుండా ఉండేందుకు ఇది మొదలైందని చెబుతారు. కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కు అడ్డపొగతో గల సంబంధాన్ని డి.జి. రెడ్డి, వి.కె. రావు 1957లో ప్రకటించారు. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, భారతీయ పరిశోధకులైన ఎఫ్.ఎస్. మెహతా, పి.సి. గుప్తా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రచురించారు. వారిలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవారే. అంగిలి తెల్లబారడం, ఎర్రని మచ్చలు ఏర్పడడం వంటి తొలి మార్పులు ఈ పరిశోధనల వల్లనే స్పష్టంగా నమోదయ్యాయి.

2. కాంతి చికిత్స - పరిణామం

చర్మక్షయకు కాంతితో చికిత్స చేసిన ఫిన్‌సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి లభించింది. ఆయన కృషి సాగింది పిండ్‌బోర్గ్ నగరమైన కోపెన్‌హాగెన్‌లోనే. రంగుమందు, కాంతి కలిసినప్పుడు సూక్ష్మజీవులు చనిపోవడాన్ని మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ 1900లో వెల్లడించాడు. 1970లలో అమెరికాలో థామస్ డౌఘర్టీ దీనిని క్యాన్సర్ చికిత్సగా తీర్చిదిద్దాడు. ముదిరిన తల, మెడ క్యాన్సర్లలో ఉపశమనానికి ఐరోపా 2001లో టెమోపోర్ఫిన్‌ను ఆమోదించింది.

మందు కణాల్లో చేరిన తరువాత తగిన ఎర్రని కాంతి ప్రసరింపజేస్తారు. అప్పుడు ఆక్సిజన్ తీవ్రచర్యాశీలమై కణాలను చంపుతుంది. అయితే కాంతి కొన్ని మిల్లీమీటర్ల లోతుకే చేరుతుంది.

3. ఉద్దానానికి అన్వయం

గట్టి అంగిలిపై పలుచని పొర కిందే ఎముక ఉంటుంది. శస్త్రచికిత్సలో దానిని తొలగిస్తే నోటికీ ముక్కుకూ మధ్య రంధ్రం ఏర్పడి మాట, తిండి రెండూ కష్టమవుతాయి. తొలిదశలో కాంతి చికిత్స ఈ నష్టాన్ని తప్పించగలదు. నోటి క్యాన్సర్‌కు విరివిగా వాడే సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలకు హానికరం. కిడ్నీ వ్యాధి ప్రబలిన ఉద్దానంలో ఇది చిన్న విషయం కాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. టెమోపోర్ఫిన్ తీసుకున్నవారు సుమారు రెండు వారాలు ఎండకు దూరంగా ఉండాలి. కొబ్బరి, జీడితోటల్లోనూ సముద్రంపైనా పనిచేసేవారికి ఆ కాలం కూలి కోల్పోవడమే. త్వరగా శరీరం నుండి తొలగిపోయే అమినోలెవులినిక్ ఆమ్లం ఇందుకు మెరుగు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో బ్యాటరీతో పనిచేసే చౌక ఎల్.ఇ.డి. పరికరంతో తొలిదశ నోటి క్యాన్సర్‌కు ఈ మందునే వాడి పరీక్షించారు. పెద్ద ఆసుపత్రులకు దూరమైన ప్రాంతాలకు ఇది తగిన మార్గం.

ముగింపు

కాంతి కొన్ని మిల్లీమీటర్లకే చేరుతుంది కనుక వ్యాధిని ముందే గుర్తించినచోటనే ఈ చికిత్స పూర్తిగా ఫలిస్తుంది. కాబట్టి శ్రీకాకుళంలో దీని విజయం పరికరం కంటే ముందు ఇంటింటి నోటి పరీక్షపై ఆధారపడి ఉంది. అర్ధశతాబ్దం క్రితం ఈ గ్రామాల్లో జరిగిన పని అదే. ఆ పరీక్షకు తొలిదశ చికిత్సను, అడ్డపొగ మాన్పించే కృషిని జతచేసినప్పుడే, పరిశోధనకు తమ నోళ్లు చూపిన గ్రామీణులకు దాని ఫలం దక్కుతుంది.