మామ్మ భోషాణం

కిందటి వేసవిలో అన్నయ్య ఫోన్ చేశాడు. "ఇల్లు పడగొట్టేస్తున్నాం కదా, పాత సామాన్లు కొనేవాడు వచ్చాడు. పందిరి మంచం, పడక కుర్చీ, ఉయ్యాల బల్ల, భోషాణం, అన్నీ కలిపి అరవై వేలంటున్నాడు. ఇచ్చేయమంటావా?" అని. ఇచ్చేయమనే అన్నాను. హైదరాబాదులో మా రెండు పడకగదుల ఫ్లాట్‌లో భోషాణం పెడితే మేం బాల్కనీలో పడుకోవాలి.

ఫోన్ పెట్టేశాక మాత్రం మనసు కుదురుగా లేదు. ఇన్నేళ్లు ఆ వస్తువుల మధ్య తిరిగాను కానీ, అవి మా ఇంటికి ఎలా వచ్చాయో ఒక్కసారీ ఆలోచించలేదు. అమ్మేముందైనా తెలుసుకుందామనిపించింది. అలా తెలుసుకున్నవే ఇవి. మీ ఇంట్లోనూ ఇలాంటివి ఉంటే పనికొస్తాయని రాస్తున్నాను.

మాది కోనసీమ. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాక మా వైపు కాలవలు, వరి చేలు, చేతిలో నాలుగు డబ్బులు వచ్చాయి. డబ్బొస్తే ముందు కట్టేది ఇల్లే కదా! మండువా లోగిళ్లు, వాటికి టేకు స్తంభాలు, పెద్ద పెద్ద ద్వారబంధాలు అలా లేచాయి. ఇంటికి తగ్గ సామాను కూడా కావాలి. భద్రాచలం అడవుల్లో కొట్టిన టేకు దుంగల్ని తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి దింపేవారు. ఇంకో టేకు సముద్రం దాటి వచ్చేది. రంగూన్ 1852లో ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చాక మనవాళ్లు వేలకు వేలు కాకినాడ ఓడెక్కి అక్కడికి కూలికి, కొలువుకి వెళ్లారు. మనుషులు అటు వెళితే, అటునుంచి కలప వచ్చింది. 1942లో జపానువాళ్లు రంగూన్ పట్టుకున్నాక ఆ రాకపోకలు తెగిపోయాయి. ఎంతమందో కాలినడకన అడవులు దాటి వచ్చారు.

మా భోషాణం రంగూన్ టేకేనని మామ్మ ఎప్పుడూ చెప్పేదట. ఆ మాటే వ్యాపారస్తుడితో అంటే నవ్వేశాడు. "రంగూన్ టేకు కాదన్న ఇల్లు ఇంతవరకూ నేను చూళ్లేదమ్మా" అన్నాడు. ఏ అడవిదైతేనేం, తొంభై ఏళ్లకి చెదపురుగు ముట్టలేదు.

వీటిని చేసింది ఏ కంపెనీ కాదు, ఊరి వడ్రంగే. ఏటా పంటకి ఇంత ధాన్యమని కొలిచేవారు. పెద్ద పని పడితే నెలల తరబడి మన అరుగు మీదే కూర్చుని చేసేవాడు. భోషాణం మూలలు చూడండి, మేకు కనిపించదు. ఒక చెక్కకి నాలుక తీసి, రెండో చెక్కలో బెజ్జం తొలిచి, చెక్క చీలతో బిగించేవారు. అంత పనితనం ఉన్నా పేరు మాత్రం ఎక్కడా చెక్కుకోలేదు.

మనవాళ్ల పనితనం ఇంకోచోట మాత్రం అద్దాల వెనక ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్లు నల్లచేవ మాను, గంధపు చెక్క మీద ఏనుగు దంతం తాపడం చేసి, దాని మీద లతలు గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపి కుర్చీలు, పెట్టెలు చేసేవారు. కొన్నది ఈస్టిండియా కంపెనీ దొరలు. ఇప్పుడవి లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. చేసిన చేతులు మనవి, వస్తువులు మాత్రం మన ఇళ్లలో లేవు.

మా పడక కుర్చీ కూడా దొరల బంగళాల్లోంచి దిగిన మోజే. పేము అల్లిక, కాళ్లు చాపుకోవడానికి ముందుకి తిరిగే పొడుగాటి చేతులు. దానికి ముందు మన ఇళ్లలో పీట, మంచం, అరుగు ఉండేవి. తాతగారు అందులో పడుకుని పేపరు చదవడం నాకు గుర్తు. మామ్మగానీ అమ్మగానీ అందులో కూర్చోవడం ఒక్కనాడూ ఎవరూ చూళ్లేదు. ఆడవాళ్లకి వంటింట్లో పీటే గతి. ఆ కుర్చీ అమ్మేస్తున్నారంటే నాకేం బాధ కలగలేదంటే నమ్మండి.

భోషాణం సంగతి వేరు. అది మామ్మ 1934లో కాపురానికి వస్తూ సారెతో తెచ్చుకున్నది. ఇత్తడి సామాను, పట్టుచీరలు, పొలం కాగితాలు అన్నీ అందులోనే. తెరిస్తే కర్పూరం వాసన. రాత్రి దాని మూత మీదే పరుపేసుకుని పడుకునేది. అప్పట్లో ఆడదానికి భూమి ఎక్కడిది? పుట్టింటి పొలం అన్నదమ్ములది, అత్తింటి పొలం మగవాళ్లది. తనదని చెప్పుకోగలిగింది సారె సామానూ, ఒంటిమీది బంగారమూ.

ఆ ఆలోచన వచ్చాకే గుండె జల్లుమంది. భోషాణం మామ్మదైతే మరి అత్తయ్యని అడిగామా? అత్తయ్యంటే మా నాన్నగారి చెల్లెలు, ఎనభై దాటింది, దివిసీమలో కొడుకు దగ్గర ఉంటోంది. అరవై వేలూ మేం అన్నాచెల్లెళ్లం పంచుకోవాలనుకున్నాం. ఆవిడ పేరు ఎవరి నోటా రాలేదు.

చట్టం ఏమంటోందో చూశాను. 1956 హిందూ వారసత్వ చట్టం స్త్రీ చేతిలో ఉన్న ఆస్తిని పూర్తిగా ఆమెదే చేసింది. భూమే కాదు, సారె సామాను కూడా అందులోకి వస్తుంది. ఆమె వీలునామా రాయకుండా పోతే భర్తకి, కొడుకులకి, కూతుళ్లకి సమానంగా చెందుతుంది. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది, అదీ అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకే. దేశమంతటికీ 2005లో వచ్చింది. మామ్మ పోయింది 1968లో. అంటే ఈ యాభై ఏళ్లకి పైగా ఆ భోషాణంలో అత్తయ్యకి వాటా ఉంది. మాకెవ్వరికీ తెలీలేదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు.

సిగ్గుపడుతూనే ఫోన్ చేశాను. ఏడుస్తుందేమో, వద్దంటుందేమో అనుకున్నాను. "అమ్మెయ్యండే అమ్మడూ, దాన్నెవరు మోస్తారు?" అంది తేలిగ్గా. తర్వాత తన సంగతి చెప్పింది. 1977 నవంబరు 19 ఉప్పెనలో వాళ్ల ఇంటి కప్పు పోయింది, గోడలు సగం నిలిచాయి. నీళ్లు తీశాక బురదలోంచి తన సారె మంచం, ఇత్తడి బిందెలు వెతికి తీసి అమ్మి, ఆ డబ్బుతో కప్పు వేయించుకున్నారట. "మా అమ్మ ఇచ్చింది అందుకే కదా. అవసరానికి అమ్ముకోడానికేగా సారె" అంది. సారె అంటే మురిపెం అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆడపిల్లకి పుట్టింటివారు కట్టిచ్చిన ధైర్యం అనుకోలేదు.

అన్నయ్యకి అంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "నిజమేనే, అత్తయ్య సంగతే తట్టలేదు" అన్నాడు. భోషాణం విడిగా బేరం పెట్టాం.

బేరంలో తెలిసినవి కూడా చెబుతాను. గుత్తగా అమ్మకండి. కలప లెక్కన కొనేవాడు ఘనపుటడుగుల్లో కొలుస్తాడు. ఆరడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న చెక్క అర ఘనపుటడుగు అవుతుంది. ఆ లెక్క మీరే వేసి, అదీ కలప ధర మాత్రమేనని గుర్తుంచుకోండి, పనితనం ధర వేరు. మెరుస్తుంది కదా అని ముందే పాలిష్ పెట్టించకండి, పాత రంగుకే విలువ. కారైకుడి, కొచ్చిలో మట్టాంచేరి లాంటి చోట్ల వీటికి పెద్ద బజార్లే ఉన్నాయి కాబట్టి ఇద్దరు ముగ్గురిని అడగండి. వందేళ్లు దాటిన కళాఖండాలైతే 1972 చట్టం ప్రకారం మనం విదేశాలకి పంపకూడదు. అన్నిటికన్నా ముందు ఆ వస్తువు ఎవరు తెచ్చిందో అడగండి. సారెతో వచ్చిందైతే ఆ ఇంటి ఆడపడుచుల్ని అడగకుండా బేరం ఆడకండి.

ఫోన్ పెట్టేసే ముందు అత్తయ్య ఇంకో మాట అడిగింది. "తాళం చెవి లేకుండా అమ్ముతున్నారా? ధర తగ్గించేస్తాడే!"

మేం పుట్టిన దగ్గర్నుంచీ ఆ భోషాణానికి తాళం వేసి ఎరగం. చెవి పోయిందనే అనుకున్నాం. మామ్మ పోయేముందు కూతురి చేతిలో పెట్టిందట. పిన్నీసుతో మంగళసూత్రం గొలుసుకి గుచ్చుకుని ఉండబట్టి ఉప్పెనలో కూడా పోలేదట. వారం తిరక్కుండా కొరియర్ వచ్చింది. మందుల డబ్బాలో, దూది మధ్యన జానెడు ఇనప తాళం చెవి.

అన్నయ్య కొబ్బరినూనె రాసి తిప్పితే రెండోసారికి తిరిగింది. వ్యాపారస్తుడు ఇంకో మూడు వేలు ఎక్కువిచ్చాడు. అవి అత్తయ్య వాటాలోనే కలిపాం.