ఎనేబుల్: మేనరికపు మేటి గుర్రం

నజ్రాన్‌లో ఉన్నా, న్యూజెర్సీలో ఉన్నా మనకు గుర్రప్పందేలంటే మలక్‌పేటే గుర్తొస్తుంది. సౌదీ రాజకుమారుడు ఖాలిద్ బిన్ అబ్దుల్లా జడ్‌మాంట్ సంస్థలో 2014లో పుట్టిన థరోబ్రెడ్ ఆడగుర్రం ఎనేబుల్ గురించీ తెలుసుకుందాం.

తండ్రి నథానియల్, తల్లి కాన్సెంట్రిక్. తండ్రికి తాత, తల్లికి తండ్రి ఒకే గుర్రం: శాడ్లర్స్ వెల్స్. ఈ ఒక్క చుట్టరికం లెక్కన అంతఃప్రజనన గుణకం 6.25 శాతం. అంటే మన బావామరదళ్ళ పెళ్ళి లెక్కే! ఇందులో మంచి గుణాలు బలపడొచ్చు, దాగిన లోపాలూ బయటపడొచ్చు.

ఇక్కడ మంచే జరిగింది. శిక్షకుడు జాన్ గాస్డెన్. 2017లో ఇంగ్లండులో ఓక్స్, ఫ్రాన్సులో ఆర్క్ గెలిచింది. 2018లో మోకాలి గాయం నుంచి కోలుకుని, ఒకే ఏడాది ఆర్క్, అమెరికాలో బ్రీడర్స్ కప్ టర్ఫ్ గెలిచిన తొలి గుర్రమైంది. 2020లో పందేలు మానేనాటికి 19 పరుగుల్లో 15 గెలుపులు.