చేరినవారు, ముగించినవారు

రేడియో ముందు కూర్చుండి పాఠము వినుట మన గృహములకు క్రొత్త కాదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రము పల్లె బడుల పిల్లలకై 1931లోనే రేడియో పాఠములు ప్రారంభించెను. ఇంగ్లండులో 1971 జనవరి నుండి ఓపెన్ యూనివర్సిటీ పాఠములు బి.బి.సి. ద్వారా ప్రసారమయ్యెను. 1982లో మన హైదరాబాదున వెలసినది భారతదేశపు మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము. ఇంటర్నెట్టులో నేడు ఉచితముగా లభించు కోర్సులు ఈ వంశమున పుట్టినవే.

2001లో అమెరికాలోని ఎం.ఐ.టి. తన పాఠ్యసామగ్రిని ఎవరైనను ఉచితముగా చూచుకొనవచ్చునని ప్రకటించెను. పుస్తకము తెరచిపెట్టెను గాని గురువును తోడీయలేదు, పట్టమును ఇయ్యలేదు. 2008లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయమున సీమెన్స్, డౌన్స్ అను ఇరువురు నడపిన తరగతికి జీతము కట్టినవారు 25 మంది. ఊరక వచ్చి చేరినవారు 2,000కు పైబడిరి.

అసలు సంచలనము 2011లో కలిగెను. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున సెబాస్టియన్ త్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధను గూర్చిన తరగతిని లోకమునకెల్ల తెరువగా, సుమారు 1,60,000 మంది పేర్లు నమోదు చేసికొనిరి. మరుసటి యేడే యుడాసిటీ, కోర్సెరా, ఎడెక్స్ అను సంస్థలు పుట్టెను. విశ్వవిద్యాలయములకు ఇక కాలము చెల్లినదని కొందరు తొందరపడి పలికిరి కూడ!

2012లో ఎం.ఐ.టి. జరపిన విద్యుద్వలయముల కోర్సులో దాదాపు 1,55,000 మంది చేరిరి. యోగ్యతాపత్రము పొందినవారు 7,157 మంది మాత్రమే. ఉలాన్‌బాతరులోని పదునైదేండ్ల మంగోలియా బాలుడొకడు అందు నూటికి నూరు మార్కులు సంపాదించి, పిదప ఆ ఎం.ఐ.టి.లోనే విద్యార్థి యయ్యెను. ఈ కథను పలువురు చెప్పుకొందురు గాని, ఆ బాలుని బడికి ప్రధానోపాధ్యాయుడు ఎం.ఐ.టి.లో చదివి వచ్చినవాడే యను సంగతిని మరచుచుందురు. మాకు ముఖ్యముగా తోచునది అదియే. పాఠము సముద్రములు దాటి వచ్చెను. సందేహము తీర్చువాడు మాత్రము ఆ ఊరనే యుండెను.

అట్టి తోడు లేనిచోట నేమగును? 2013లో కాలిఫోర్నియాలోని శాన్ హోసే రాష్ట్ర విశ్వవిద్యాలయము యుడాసిటీతో కలిసి కొన్ని కోర్సులు నడపెను. వసంతకాలమున ఉత్తీర్ణులు తరగతిగది విద్యార్థులకంటె తక్కువగా నుండుటచే ఆ ప్రయత్నమును కొంతకాలము నిలిపివేసిరి. హార్వర్డు, ఎం.ఐ.టి.ల కోర్సులను పరిశీలించి 2019లో ప్రకటించిన లెక్కలలో ముగించినవారు నూటికి ముగ్గురు. అయితే చేరిన ప్రతివాడును ముగింపనెంచియే చేరెననుటయు న్యాయము కాదు. గ్రంథాలయమున నాలుగు పుటలు త్రిప్పి వెడలినవానిని మనము తప్పినవాడందుమా?

ఖర్చు మాట వేరు. లాభాపేక్ష లేకుండ పుట్టిన ఎడెక్సును 2021లో 80 కోట్ల డాలర్లకు ఒక వ్యాపారసంస్థ కొనెను. మన దేశమున 2003లో మొదలైన ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములు, 2017లో వెలువడిన స్వయం వేదికయు నేటికిని ఉచితములే. కొన్ని పాఠములు తెలుగునను లభించుచున్నవి. పాఠము ఇంటికే వచ్చును. పరీక్షకు మాత్రము రుసుము కట్టి, నిర్ణీత కేంద్రమునకు బస్సెక్కవలెను.