వెల లేని ప్రాణి: లండన్ పేదవాడల్లో పిల్లుల వైద్యం

పశువైద్యం శాస్త్రంగా రూపు దిద్దుకున్న తొలి శతాబ్దంలో ఒక జంతువుకు చికిత్స దొరకడం, దొరకకపోవడం దాని బాధను బట్టి కాక దాని వెలను బట్టి నిర్ణయమయ్యేది. 1761లో క్లోడ్ బూర్జెలా ఫ్రాన్సులోని లియోన్ నగరంలో ఐరోపా మొట్టమొదటి పశువైద్య పాఠశాలను నెలకొల్పినప్పుడు, దాని ముందున్న ప్రధాన సమస్య ఆవులనూ ఎడ్లనూ మందలుగా చంపుతున్న ముసర వ్యాధి. 1791లో లండన్‌లోని కామ్డెన్ టౌన్‌లో మొదలైన కళాశాల దృష్టి చాలా కాలం గుర్రాన్ని దాటి పోలేదు. సైన్యమూ రవాణా గుర్రం మీదే నడిచే రోజుల్లో అది సహజమే. వేటకుక్కలకు సంపన్నుల పోషణ ఉండేది. పిల్లికి మాత్రం సంతలో ధర లేదు, చస్తే మరొకటి ఊరికే దొరుకుతుంది, కనుక దాని విరిగిన కాలికి డబ్బు ఖర్చు పెట్టడమన్న ఆలోచనే చాలామందికి వింతగా తోచేది.

పిల్లి చేసే పనికి విలువ లేదని దీని అర్థం కాదు. 1868లో లండన్‌లోని తపాలా శాఖ మనీయార్డరు కార్యాలయం ఎలుకల బెడద తీర్చుకోవడానికి మూడు పిల్లులను ఉంచుకొని, వాటి పోషణకు వారానికి ఒక షిల్లింగును అధికారికంగా మంజూరు చేసింది. పేదవాడల్లో గుర్రపుమాంసాన్ని పుల్లలకు గుచ్చి ఇంటింటికీ తిరిగి అమ్మే వర్తకులు ఉండేవారు. ఆ మాంసం పెంపుడు పిల్లుల కోసమే. తిండికి ఒక చిన్న నాణెం ఇవ్వగలిగిన ఇల్లాలు వైద్యుడి రుసుమును మాత్రం ఇవ్వలేకపోయేది. ఈ తేడాను గమనించకపోతే పందొమ్మిదో శతాబ్దపు నగరంలో గాయపడిన పిల్లుల గతి అర్థం కాదు.

1871లో ఒకే నగరంలో జరిగిన రెండు సంఘటనలు ఈ చరిత్రలో పక్కపక్కన నిలుస్తాయి. ఆ జూలైలో హారిసన్ వియర్ అనే చిత్రకారుడు క్రిస్టల్ ప్యాలెస్‌లో పిల్లుల ప్రదర్శన ఏర్పాటు చేసి, వీధి ప్రాణిగా ఎంచబడుతున్న పిల్లికి ఇంటి జంతువుగా గౌరవం తేవడానికి ప్రయత్నించాడు. అదే ఏడాది దక్షిణ లండన్‌లో బ్రౌన్ సంస్థ అనే జంతు వైద్యశాల తెరుచుకుంది. 1852లో మరణించిన టామస్ బ్రౌన్ అనే ధనికుడు, మనిషికి ఉపయోగపడే చతుష్పాదులకూ పక్షులకూ అసలు ఖర్చుకు మించి ఏమీ తీసుకోకుండా వైద్యం చేయాలనీ, వాటి రోగాలను పరిశోధించాలనీ కోరుతూ లండన్ విశ్వవిద్యాలయానికి ఆస్తి రాసి, ఆ పని 19 ఏళ్లలోగా మొదలు కాకపోతే సొమ్ము డబ్లిన్‌కు పోతుందని షరతు పెట్టాడు. గడువు ముంచుకొచ్చాక గాని విశ్వవిద్యాలయం కదలలేదు. అక్కడ పేదల జంతువులకు నిజంగానే చికిత్స జరిగింది. కాని అదే ప్రాంగణంలో సజీవ జంతువుల మీద ప్రయోగాలు కూడా జరగడంతో ఆ సంస్థ కరుణకూ శాస్త్రానికీ మధ్య నడిచిన తీవ్ర వివాదంలో చిక్కుకుంది. వీలునామాలోని ‘ఉపయోగపడే’ అన్న నియమం కూడా పాత లెక్కనే కొనసాగించిందని చెప్పక తప్పదు.

అదే కాలంలో పేదలకు ఉచితంగా అందిన మరొక సేవ ఉంది, అది నొప్పి లేని మరణం. 1860లో కుక్కల కోసం మొదలై తరువాత బ్యాటర్సీకి మారిన ఆశ్రమం 1883 నుంచి పిల్లులను కూడా చేర్చుకుంది. 1884లో బెంజమిన్ వార్డ్ రిచర్డ్‌సన్ అనే వైద్యుడు అక్కడి కుక్కల కోసం మత్తువాయువుతో ప్రాణం తీసే గదిని రూపొందించాడు. వీధిలో నలిగి చావడం కంటే అది మేలన్న అతని వాదనలో దయ ఉంది. అయినప్పటికీ, డబ్బున్న ఇంటి జంతువుకు చికిత్స, డబ్బు లేని ఇంటి జంతువుకు సుఖమరణం అన్న విభజనను ఆ దయ ప్రశ్నించలేదు. మూగ నేస్తాల సంఘంగా 1897లో ఏర్పడిన సంస్థ 1906లో లండన్‌లోని విక్టోరియా ప్రాంతంలో తెరిచిన జంతు ఆసుపత్రి ఆ విభజనను కొంత సడలించింది.

ఆ విభజనను సూటిగా ఎదిరించిన వ్యక్తి మరియా డికిన్. 1870లో ఒక మతబోధకుడి ఇంట పుట్టి, పెళ్లికి ముందు స్వరశిక్షణ నేర్పే వృత్తిలో రాణించిన ఆమె, సంఘసేవ కోసం తూర్పు లండన్‌లోని వైట్‌చాపెల్ వాడకు వెళ్లినప్పుడు, గజ్జితో చర్మం ఊడిపోయిన కుక్కలనూ పిల్లులనూ, విరిగిన కాళ్లను ఈడ్చుకుంటూ మురికికాలువల పక్కన తిండి వెతుక్కుంటున్న జంతువులనూ చూసింది. జంతుహింసను నేరంగా చూసే చట్టాలు అప్పటికే ఉన్నాయి. వాటి కింద పేదవాడు తరచు ముద్దాయి అయ్యేవాడు. డికిన్ అక్కడ క్రూరత్వం కంటే లేమిని ఎక్కువగా చూసింది, ఈ చరిత్రలో అసలైన మలుపు ఆమె చూపులోని ఈ మార్పే. మొదటి ప్రపంచయుద్ధం సాగుతుండగా, 1917 నవంబరు 17న, ఒక మతాధికారి ఇచ్చిన నేలమాళిగలో ఆమె ఉచిత వైద్యశాల తెరిచి, ఏ జంతువునైనా తీసుకురావచ్చుననీ రుసుము లేదనీ తలుపు మీద రాయించింది. జనం ఎంతగా వచ్చారంటే గుంపును అదుపు చేయడానికి పోలీసులు రావలసి వచ్చింది. పేదల జబ్బు జంతువుల ప్రజా వైద్యశాల అన్న అర్థం వచ్చే ఆ సంస్థను ఆంగ్ల అక్షరాల కుదింపుతో పీడీఎస్ఏ అంటారు. కొన్ని ఏళ్లలోనే దానికి నగరమంతటా శాఖలూ, ఊరూరా తిరిగే గుర్రపుబండి వైద్యశాలలూ, ఇల్‌ఫర్డ్‌లో ఒక ఆరోగ్యాశ్రమమూ ఏర్పడ్డాయి.

తక్కువ ఖర్చుతో చేసే వైద్యం ఎంతవరకు పనికొచ్చేదన్న ప్రశ్న ఇక్కడ ముఖ్యం. పిల్లికూన ఎముక లేతది. చర్మం తెగని సాధారణ విరుపైతే, బద్దలు పెట్టి కట్టు కట్టి, గెంతకుండా ఇరుకైన పెట్టెలో ఉంచితే కొన్ని వారాల్లో అతుక్కుంటుంది. గాయం కంటే ముందు దాన్ని చంపేవి చలీ ఆకలీ; చిన్న దేహం వేడిని త్వరగా కోల్పోతుంది, రక్తంలో చక్కెర త్వరగా పడిపోతుంది, కనుక వెచ్చని గుడ్డా కొద్దికొద్దిగా పట్టే ఆహారమూ మందులతో సమానం. అయితే కొన్ని చవక మందులే ప్రాణాంతకాలు. 1867లో శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ గాయాలు చీము పట్టకుండా కార్బాలిక్ ఆమ్లం వాడే పద్ధతిని ప్రకటించాక అది ఇంటింటి సరుకైంది. కాని ఆ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే సామర్థ్యం పిల్లి కాలేయానికి చాలా తక్కువ, పైగా పిల్లి తన గాయాన్ని నాకుతుంది. మనిషికీ కుక్కకూ మేలు చేసిన మందు పిల్లికి విషమైన సందర్భాలు అందుకే ఏర్పడతాయి. ఉచిత వైద్యశాల ఇచ్చిన మేలులో చికిత్స ఎంతో, ఇలాంటి హాని నుంచి తప్పించే సలహా కూడా అంతే. పిల్లుల రోగాలపై హామిల్టన్ కర్క్ రాసిన గ్రంథం 1925లో గాని రాలేదంటే, వైద్యులకైనా ఈ ప్రాణి గురించి ఎంత ఆలస్యంగా తెలిసిందో గ్రహించవచ్చు.

పట్టా పొందిన పశువైద్యులు డికిన్‌ను తీవ్రంగా వ్యతిరేకించారు. 1881 నాటి చట్టం పశువైద్యుడనే బిరుదును కాపాడిందే తప్ప, పట్టా లేనివారు వైద్యం చేయడాన్ని నిషేధించలేదు. పీడీఎస్ఏ తానే శిక్షణ ఇచ్చిన సిబ్బందితో నడిచింది. అర్హత లేని చేతుల్లో జంతువులు బాధపడతాయనీ, డబ్బున్నవారూ ఉచిత వరుసలో నిలబడుతున్నారనీ వైద్యులు వాదించారు. మొదటి అభ్యంతరం న్యాయమైనదే. కాని ఆ వాడల్లో అర్హత గల వైద్యుడు అందుబాటు ధరకు దొరికి ఉంటే ఆ నేలమాళిగ అవసరమే ఉండేది కాదు. 1948 చట్టం పట్టా లేని వైద్యాన్ని చాలావరకు నిషేధిస్తూ, సంస్థలో అప్పటికే పనిచేస్తున్నవారికి వెసులుబాటు కల్పించింది. అదే ఏడాది బ్రిటన్‌లో మనుషులకు ప్రభుత్వ వైద్యం ఉచితమైంది. పేదల జంతువుల వైద్యం మాత్రం విరాళాల మీదే మిగిలింది. నేటికీ పీడీఎస్ఏ సాయం ప్రభుత్వ భృతి పొందే కుటుంబాల వంటి వారికే పరిమితం, అంటే ఎవరు పేద అన్న పాత వివాదం నియమాల రూపంలో కొనసాగుతున్నది.

భారతదేశంలో ఈ కథ వేరు దారి పట్టింది. 1883లో బొంబాయిలోని పరేల్‌లో దిన్‌షా పెటిట్ దాతృత్వంతో జంతు ఆసుపత్రి వెలసింది. తెలుగునాట ప్రభుత్వ పశువైద్యం వ్యవసాయాన్ని ఆధారం చేసుకొని పాడి పశువుల చుట్టూ పెరిగింది. నగరాల్లో పిల్లులకూ కుక్కలకూ ఆసరా ఎక్కువగా స్వచ్ఛంద సంస్థల ద్వారా వచ్చింది. మూగ నేస్తాల సంఘం 1912లో బాల్కన్ యుద్ధపు గుర్రాల కోసం తెరిచిన నిధికి పెట్టిన బ్లూ క్రాస్ అన్న పేరే 1964లో మద్రాసు సంస్థకూ, 1992లో అక్కినేని అమల హైదరాబాదులో ప్రారంభించిన సంస్థకూ వచ్చింది. లండన్‌లో వైద్యశాల తలుపు తట్టింది ఎక్కువగా పేద యజమాని. ఇక్కడ గాయపడిన పిల్లికూనను అట్టపెట్టెలో పెట్టుకొని వచ్చేది తరచు దారిన పోయే మనిషి, అతనికి ఆ జంతువు మీద హక్కు లేదు, అయినా ఆటో బాడుగ నుంచి కట్టు ఖర్చు దాకా మొదటి భారం అతనిదే అవుతున్నది.