నీటి ధర పెంచే ముందు వచ్చే ఉత్తరం

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల్లో చాలా ఇళ్ళవాళ్ళు కుళాయి నీటికి నెలకింత అని ఒకే మొత్తం కడతారు. రెండు బిందెలు పట్టినా ఇరవై పట్టినా అదే. ఆ మొత్తాన్ని ఏ లెక్కన తేల్చారని మున్సిపాలిటీని అడిగేవాళ్ళు తక్కువ.

ఇక్కడ కాలిఫోర్నియాలో పద్ధతి వేరు. సన్నివేల్‌లో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి నీటి ధర పెరగబోయే ముందు నగర పాలక సంస్థ నుంచి ఉత్తరం వస్తుంది. ధర ఎంత పెంచదలిచారో, ఎందుకో, కౌన్సిల్ బహిరంగ విచారణ ఏ రోజో అందులో ఉంటుంది. విచారణకు కనీసం 45 రోజుల ముందే ఆ ఉత్తరం పంపాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు రాసి ఇవ్వవచ్చు. సగానికి మించిన ఆస్తుల తరఫున అభ్యంతరాలు వస్తే కౌన్సిల్ ఆ ధర పెంచడానికి వీల్లేదు. ఈ హక్కు ఊరికే రాలేదు.

సాన్‌ఫ్రాన్సిస్కోకు నీళ్ళిచ్చింది మొదట ప్రైవేటు కంపెనీయే. స్ప్రింగ్ వ్యాలీ కంపెనీ 1858లో పుట్టింది. అప్పటి చట్టం ప్రకారం ధర నిర్ణయించే సంఘంలో ఇద్దరు నగరం మనుషులు, ఇద్దరు కంపెనీ మనుషులు. వాళ్ళకు ఏకాభిప్రాయం కుదరకపోతే నలుగురూ కలిసి ఐదో మనిషిని ఎంచుకోవాలి. అదీ కుదరకపోతే షెరీఫ్ నియమిస్తాడు. అంటే నీళ్ళు అమ్మేవాడే ధర తేల్చేవారిలో సగం! జనం దీన్ని సహించలేదు. 1879లో రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు, ఏటా ఫిబ్రవరిలో ఎన్నికైన సభ్యులే నీటి ధర నిర్ణయించాలని, జూలై 1 నుంచి అది అమలు కావాలని అందులోనే చేర్చారు. పాత చట్టం తనకిచ్చిన హక్కు పోయిందని కంపెనీ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1884లో ఓడిపోయింది.

1906 భూకంపంలో కంపెనీ గొట్టాలు పగిలి, మంటలార్పడానికి నీళ్ళు లేక నగరంలో పెద్ద భాగం కాలిపోయింది. నీటి సరఫరా నగరం సొంతం కావాలన్న పట్టుదల ఆ తర్వాత మరింత గట్టిపడింది. యోసెమిటీలోని హెచ్‌హెచీ లోయలో ఆనకట్ట కట్టుకోవడానికి 1913లో అమెరికా కాంగ్రెస్ అనుమతించింది. 1930లో నగరం కంపెనీని సుమారు 4 కోట్ల డాలర్లకు కొనేసింది. 1934లో ఆ కొండల నీళ్ళు నగరానికి చేరాయి. సన్నివేల్ ఈనాటికీ తన నీటిలో కొంత ఆ వ్యవస్థ నుంచే కొంటోంది.

ధర కౌన్సిల్ చేతికి వచ్చినంత మాత్రాన తగువు తీరలేదు. 1978లో ప్రజలు ఓటు వేసి ఆస్తిపన్నుకు కళ్ళెం వేశారు. ఆదాయం తగ్గిన నగరాలు రుసుముల మీద పడ్డాయి. దాంతో 1996లో ప్రజల ఓటుతోనే 218వ ప్రతిపాదన చట్టమైంది: సేవకయ్యే ఖర్చుకు మించి వసూలు చేయకూడదు, పెంచే ముందు ఉత్తరం రాయాలి. నీటి బిల్లుకూ ఇది వర్తిస్తుందని 2006లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది.

2015లో ఆ నియమానికి గట్టి పరీక్ష ఎదురైంది. రాష్ట్రం కరువులో ఉంది. సాన్ హువాన్ కాపిస్ట్రానో అనే ఊరు అంతకు ముందే నీటికి నాలుగు మెట్ల ధరలు పెట్టింది. మొదటి మెట్టులో యూనిట్ 2.47 డాలర్లు, నాలుగో మెట్టులో 9.05 డాలర్లు. యూనిట్ అంటే దాదాపు 2,800 లీటర్లు. మెట్లు ఉండటం తప్పు కాదు గానీ, ఒక్కో మెట్టు ధర నిజమైన ఖర్చుకు సరిపోతుందని నగరం చూపలేదని అప్పీలు కోర్టు ఆ ధరలను కొట్టేసింది.

ఈ చట్టంలో ఒక కఠినత్వం ఉంది. పచ్చిక బయళ్ళు తడిపే పెద్దింటి నుంచి ఎక్కువ తీసుకుని పేదింటి బిల్లు తగ్గించడానికి అది ఒప్పుకోదు. వేసవిలో కాలువలు కట్టేస్తే చెరువు నీటిమీద బతికే ఊళ్ళకు, ఉప్పునీటి బోర్లున్న రేపల్లె తీరానికి అలాంటి చట్టం పనికిరాదు. అక్కడ పేదవాడికి చౌకగా నీళ్ళివ్వడం మున్సిపాలిటీ ధర్మం. కానీ లెక్క ముందు చూపించి తర్వాత వసూలు చేయడం ఏ ఊరికైనా మంచిదే.

తెనాలిలోనో బాపట్లలోనో నీటి పన్ను పెంపు ఈసారి కౌన్సిల్ అజెండాలోకి వచ్చినప్పుడు, తీర్మానం అయ్యేదాకా ఆగకండి. పంపుల కరెంటుకెంత, పటికకూ క్లోరిన్‌కూ ఎంత, పగిలిన గొట్టాల్లో పోయే నీళ్ళెన్ని అని మీ వార్డు కౌన్సిలర్‌ను ముందే అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.