వార్డెన్ సంతకం: 2009లో ఖమ్మం హాస్టళ్లలో జరిగింది



హాస్టల్లో చదువుకున్న వాళ్లందరికీ తెలిసిందే. అమ్మానాన్న ఊళ్లో ఉంటారు, కాగితాల మీద వార్డెన్ సంతకం పెట్టేస్తారు. పుస్తకాలకో యూనిఫాంకో అయితే పర్లేదు. మరి పిల్ల ఒంట్లోకి ఎక్కించే మందుకి? ఈ ప్రశ్న మన భద్రాచలం నుంచే పార్లమెంటు దాకా వెళ్లింది.

2009 జూలైలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. అమెరికాకి చెందిన పాత్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనం. మూడు డోసులు, సుమారు 14 వేల మంది పిల్లలు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో కూడా ఇలాంటిదే నడిచింది.

2010 మార్చిలో ఢిల్లీ నుంచి 'సమా' అనే మహిళా ఆరోగ్య బృందం భద్రాచలం వచ్చి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడింది. ఇది పరిశోధన అని చాలామందికి తెలియదు. చేతికిచ్చిన కార్డు ఇంగ్లీషులో ఉంది. టీకా తర్వాత కడుపునొప్పి, తలనొప్పి, నీరసం వచ్చాయని పిల్లలు చెప్పారు. వాళ్లని కూర్చోబెట్టి అడిగింది ఈ ఆడవాళ్లే. ఈ చరిత్రలో నాకు ముఖ్యంగా అనిపించేది అదే.

ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టు ఆపేసింది. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు పిల్లలు చనిపోయి ఉన్నారు. ఆ మరణాలకి టీకాతో సంబంధం కనిపించలేదని ప్రభుత్వ విచారణ కమిటీ చెప్పింది. ఈ టీకా మంచిదేనని ప్రపంచమంతా ఒప్పుకుంది కూడా, మన దేశంలో ఆడవాళ్లకి ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో ఇదొకటి. కాబట్టి "విషం ఎక్కించారు" అని వాట్సాప్‌లో తిరిగేవి నమ్మకండి. గొడవ మందు గురించి కాదు, అనుమతి గురించి.

ఆ లెక్కలు 2013 ఆగస్టులో వచ్చిన పార్లమెంటు స్థాయీ సంఘం 72వ నివేదికలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌కి సంబంధించిన 9,543 అనుమతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు. అంటే పదిలో దాదాపు మూడు. విడిగా వంద పత్రాలు తీసి చూస్తే 69 మీద సాక్షి సంతకమే లేదు. ఒకే మనిషి ఏడు పత్రాల మీద సంతకం చేశాడు. వార్డెన్లనీ హెడ్మాస్టర్లనీ అని లాభం లేదు, తల్లిదండ్రుల తరఫున సంతకాలు పెట్టమని హెడ్మాస్టర్లకి చెప్పింది రాష్ట్ర ప్రభుత్వమే. అది చట్టబద్ధమేనా అని సంఘం గట్టిగా నిలదీసింది. మానవ హక్కుల ఉల్లంఘన అని రాసింది.

కేసు సుప్రీంకోర్టుకి కూడా వెళ్లింది. 2018లో రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది గానీ అది వేరే సంగతి మీద: పార్లమెంటు సంఘం నివేదికని కోర్టు చూడొచ్చా లేదా అని. చూడొచ్చు అంది. మన పిల్లల సంగతి అందులో తేలలేదు.

అప్పుడు పదేళ్లున్న పిల్లలకి ఇప్పుడు పాతికేళ్లు దాటాయి. మన గ్రూపులో వాళ్ల చెల్లెళ్లు, తమ్ముళ్లు ఉండే ఉంటారు. ఇంట్లో అక్కని అడగండి: ఎన్ని డోసులు వేశారు, ఏమని చెప్పి వేశారు, కార్డు ఇంకా ఉందా? వాళ్లకి ఇష్టమైతేనే, పేరు లేకుండా ఇక్కడ రాయండి.